బహ్మన్ నెలలో పార్నపల్లె సిపాయి

ఆ వారం పేపర్లన్నీ ‘హిమపాతం’ అనే రాశాయి. 2016 ఫిబ్రవరి మొదటి వారం. సియాచిన్‌లో పది మంది ఫౌజీలు మంచు కింద పడిపోయారు, అందులో ఒకరు కర్నూలు జిల్లా పార్నపల్లె సిపాయి ముస్తాక్ అహ్మద్ అన్న ఖబర్ మా తంబళ్లపల్లె దాకా వచ్చింది. మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ ఒక చాచా నన్ను ఆపాడు. “హిమపాతం అంటే మంచు కురవడమే కదా బేటా? మంచు కురిస్తే మనిషి చచ్చిపోతాడా?” అని అడిగాడు.

నా దగ్గర జవాబు లేదు. మాకు తెలిసిన మంచు ఏది? చలికాలం తెల్లవారుజామున మల్లయ్యకొండను సగానికి పైగా మింగేసేది మంచు. టమోటా ఆకు మీద నిలిచేదీ మంచే. హార్స్‌లీ కొండ మీద టూరిస్టులు ఫోటోలు దిగేదీ దాంట్లోనే. షర్బత్‌లో వేసుకునేది మంచుగడ్డ. నాలుగు వేరు వేరు చీజులకు తెలుగులో ఒకటే లఫ్జ్. ఉర్దూ అక్కడ కొంచెం ధనవంతురాలు: షబ్నం వేరు, కోహ్రా వేరు, పాలా వేరు, బర్ఫ్ వేరు. అయినా మా ఇళ్లల్లో బర్ఫ్ అంటే ఏమిటి? ఎండాకాలం సైకిల్ మీద వచ్చే గోలా. మా నానీ చనిపోయేదాకా ఆమెకు బర్ఫ్ అంటే ఎర్రగా, తియ్యగా ఉండేదే.

కొండ మీది మంచు ఒక్కసారిగా తెగి కిందికి దూకడాన్ని ఉర్దూ అఖ్‌బార్లు ‘బర్ఫానీ తోదా’ అంటాయి. తోదా అంటే కుప్ప. అది కూడా సరిపోయే మాట కాదు, కుప్ప కదలదు కదా. ఫార్సీలో మాత్రం దానికి సొంత లఫ్జ్ ఉంది: బహ్మన్. చదివి ఉలిక్కిపడ్డాను. దక్కనులో పుట్టినవాడికి బహ్మన్ అంటే 1347లో గద్దెనెక్కిన అలావుద్దీన్ బహ్మన్ షా, గుల్బర్గా, బీదర్. ఇరాన్ పాత పాదుషా బహ్మన్ వంశం మాది అని చెప్పుకుని ఆ ఖాన్‌దాన్ ఆ పేరు పెట్టుకుంది. ఇంకొక ఇత్తెఫాక్ కూడా ఉంది. ఇరానీ క్యాలెండర్‌లో బహ్మన్ ఒక నెల పేరు. జనవరి 21 నుంచి ఫిబ్రవరి 19 దాకా నడుస్తుంది. ఫిబ్రవరి 3, ముస్తాక్ మీద మంచు పడిన రోజు, బహ్మన్ నెలలో పద్నాలుగో తారీఖు.

చాచాకి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఇది. చదవడానికి కొన్నేళ్లు పట్టింది. మంచు ఎప్పటి నుంచో చంపుతూనే ఉంది. నాకు తేలిందల్లా, మంచు గురించి పాత మనుషులకు తెలిసిన ఒక ఉసూల్‌ని మన కాలం తీసి పక్కన పెట్టిందని. ఆ ఉసూల్ చిన్నదే: మంచు కొండ దాటడానికే, ఉండడానికి కాదు.

ముందు పాత ముసాఫిర్ల సంగతి.

1333 ప్రాంతంలో ఇబ్న్ బతూతా హిందూకుష్ దాటి హిందుస్తాన్‌కి వచ్చాడు. ఆయన తొందరపడలేదు. వేడి పుట్టేదాకా కొండకు ఇవతలే ఆగాడు. దాటే రోజున తెల్లవారక ముందే బయలుదేరి సూర్యాస్తమయం దాకా ఒకే నడక. ఒంటెలు మంచులో కూరుకుపోకుండా వాటి కాళ్ల ముందు నమ్దా గుడ్డలు పరుచుకుంటూ పోయారట. ఈ రెండు సంగతుల్లో ఎంత ఇల్మ్ ఉందో ఇప్పుడు అర్థమవుతోంది. రాత్రి చలికి మంచు బిగుసుకుని ఉంటుంది కాబట్టి పెందలాడే నడవాలి. బరువంతా ఒకే చోట పడకుండా పరచాలి. ఈ రోజు కొండలెక్కే వాళ్లు తెల్లవారుజామున రెండు గంటలకే టెంటు వదలడం, కాళ్లకు వెడల్పు చట్రాలు కట్టుకోవడం అదే ఇల్మ్. పేరు మాత్రం మారింది.

బాబర్ ఆ సబర్ చూపలేదు. 1506 డిసెంబరు చివర హెరాత్ నుంచి కాబూల్‌కి బయలుదేరాడు. కాందహార్ మీదుగా చుట్టు తిరిగి పోయే దారి ఉంది, అది దూరమే గానీ నయం. కాసిం బేగ్ కొండ దారే దగ్గరని పట్టుబట్టాడు. తీసుకుపోతున్న దారి చూపేవాడికి మంచు లోతులో తోవ తప్పింది. ఆ తర్వాత వారం రోజుల సంగతి బాబర్ తన తుజుక్‌లో దాచకుండా రాసుకున్నాడు. పది, పదిహేను మంది ముందు నడుస్తూ మంచు తొక్కేవాళ్లు. ప్రతి అడుగుకీ నడుము దాకా, గుండె దాకా దిగబడేది. ముందున్నవాడు కొన్ని అడుగులు తొక్కి అలిసిపోయి నిలబడితే వెనకవాడు ముందుకొచ్చేవాడు. అట్లా తొక్కిన చోట ఖాళీ గుర్రాన్ని ఈడ్చేవాళ్లు. అది రికాబు లోతు దిగబడుతూ పది పదిహేను అడుగులు వేసి ఆగిపోయేది. రోజంతా కష్టపడితే కోసు, కోసున్నర.

జిర్రిన్ దర్రా కింద ఒక గుహ దగ్గరికి చేరేసరికి తుఫాను మొదలైంది. గుహ చిన్నదిగా కనబడింది. మీరు లోపలికి రండి అని మనుషులు బతిమాలారు. నా వాళ్లు బయట మంచులో ఉంటే నేను లోపల వెచ్చగా పడుకోవడం ఇన్సానియత్ కాదనుకున్నాడు. పార తీసుకుని తనకు సరిపడా గొయ్యి తవ్వుకుని ఇషా నమాజు దాకా అందులోనే కూర్చున్నాడు. వీపు మీద, తల మీద, చెవుల మీద నాలుగు వేళ్ల మందం మంచు పేరుకుంది. తర్వాత ఎవరో లోపలికి పోయి చూసి, గుహ పెద్దదే, అందరూ పడతారని చెబితే అప్పుడు అందరినీ పిలుచుకుని లోపలికి పోయాడు. ఈ కిస్సాని బాబర్ మంచితనానికి నమూనాగా చెబుతారు. నిజమే. కానీ ఆ వారం అందరినీ మౌత్ అంచుకు తీసుకుపోయింది మంచు కాదు, దగ్గర దారి అన్న ఒక సలహా, దానికి తలూపిన ఒక హుకుం. హుకుం ఇచ్చినవాడు కూడా ఆ మంచులోనే కూర్చున్నాడు, అంతవరకు ఇన్సాఫ్.

వీళ్లిద్దరూ దాటి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్ల కథ వేరు. జమ్మూ డోగ్రా జనరల్ జోరావర్ సింగ్ 1841లో లద్దాఖ్ దాటి టిబెట్ లోపలికి పోయాడు. చలికాలం వచ్చింది, వెనక దర్రాలు మూసుకుపోయాయి. డిసెంబరులో తోయో దగ్గర లడాయిలో చనిపోయేసరికి ఆయన సిపాయిల్లో చాలామంది వేళ్లు చలికి చచ్చి కత్తి పట్టే స్థితిలో లేరు. సరిగ్గా నెల తిరక్కముందే, 1842 జనవరిలో, కాబూల్ నుంచి వెనక్కి పోతున్న అంగ్రేజు ఫౌజు మంచులో తుడిచిపెట్టుకుపోయింది. అందులో తుపాకీ పట్టినవాళ్లలో ఎక్కువమంది మన మైదానాల సిపాయిలే. తవారీఖ్ పుస్తకాల్లో మాత్రం బతికి జలాలాబాద్ చేరిన ఒక గోరా డాక్టరు తస్వీరే ఉంటుంది.

చలికాలమంతా కొండ కింద ఫౌజుని నిలబెట్టడం అనేది పూర్తిగా ఇరవయ్యో శతాబ్దం పని. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇటలీ, ఆస్ట్రియా ఆల్ప్స్ కొండల మీద ఎదురెదురుగా కూర్చున్నాయి. మర్మొలాడా శిఖరం కింద ఆస్ట్రియా వాళ్లు కర్ర బ్యారక్‌లు కట్టుకున్నారు. శత్రువు తోపులకు అందని చోటు, ఆ లెక్కన బాగానే ఉంది. పై వాలులో మంచు పేరుకుంటోందని, చోటు మార్చమని అక్కడి కెప్టెన్ పై అధికారులకు రాశాడు. ఒప్పుకోలేదు. 1916 డిసెంబరు 13న ఆ వాలు తెగింది. ఒక్క ఆ చోటే రెండు వందల యాభైకి పైగా మంది పోయారు. ఆ డిసెంబరులో ఆల్ప్స్ అంతటా రెండు ఫౌజుల్లోనూ మంచు కింద పోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. తోపులు ఆ పని అంత త్వరగా చెయ్యలేకపోయేవి.

ఇప్పుడు చాచా సవాల్: మంచు ఎట్లా చంపుతుంది?

మన ఇంట్లో రాగులు ఉన్నాయనుకోండి. వాలుగా పెట్టిన చెక్క మీద రాగులు పరిచి, వాటి మీద ఒక కడప పలక పెట్టండి. కొంచెం సేపు నిలబడుతుంది. దాని మీద ఇంకో పలక పెట్టండి, లేదా పిల్లవాడు వేలితో తడితే చాలు, మొత్తం జారిపోతుంది. కొండ మీద మంచు అట్లాగే పొరలు పొరలుగా ఉంటుంది. గాఢమైన చలిలో, పల్చటి మంచు అడుగున గింజలు పెద్దవై, ఒకదానికొకటి అతుక్కోకుండా పంచదార పలుకుల్లా తయారవుతాయి. కారాకోరం లాంటి పొడి చలి కొండల్లో ఇది మామూలు. దాని మీద కొత్త మంచు పడి, గాలికి గట్టిపడి పలక అవుతుంది. గాలి ఇక్కడ పెద్ద ముజ్రిమ్. ఆకాశం నుంచి ఒక్క రేణువు పడకపోయినా, శిఖరం అటువైపు మంచుని ఊడ్చి తెచ్చి ఇటువైపు పోస్తుంది. అంటే ‘మంచు కురవలేదు కాబట్టి భయం లేదు’ అనుకోవడానికి కూడా లేదు. వాలు మరీ నిటారుగా ఉంటే మంచు నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మరీ తక్కువైతే జారదు. ముప్పై నుంచి నలభై అయిదు డిగ్రీల మధ్య, అంటే మన మిద్దె మెట్ల వాలు, ఇంకాస్త పైన, అదే ఎక్కువ ఖతర్నాక్.

ఇది ఒక రకం. ఇంకో రకం ఏళ్ల తరబడి గడ్డ కట్టిన నీలం మంచు గోడ, హిమానీనదం అంచున వేలాడుతూ ఉండి ఒక రోజు తెగి పడేది. దానికి మౌసంతో పెద్దగా సంబంధం లేదు, ఎప్పుడు పడుతుందో చెప్పడం ఇంకా కష్టం. ముస్తాక్ వాళ్ల మీద పడింది ఇట్లాంటి గోడే. దాన్ని హిమపాతం అనడం, మిద్దె కూలి మనిషి చచ్చిపోతే ‘సున్నం రాలింది’ అనడం లాంటిది.

మంచు కింద పడినవాడు ఎక్కువగా చలికి చావడు, ఊపిరాడక చనిపోతాడు. పరుగెత్తేటప్పుడు పొగలా ఉన్న మంచు ఆగగానే సిమెంటులా బిగుసుకుంటుంది. వేలు కదపలేడు. తన ఊపిరి వేడికే నోటి ముందు మంచు కరిగి మళ్లీ గడ్డకట్టి గాజు పొరలా అడ్డం నిలుస్తుంది. స్విట్జర్లాండు వాళ్లు ఏళ్ల తరబడి లెక్కలు తీశారు. పావు గంటలోపు తవ్వి తీస్తే పది మందిలో తొమ్మిది మంది దాకా బతుకుతున్నారు. ముప్పై అయిదు నిమిషాలయ్యేసరికి అది ముగ్గురికి పడిపోతోంది. మన దేశంలో మనాలీలో 1969లో ఇందుకోసమే ఒక సంస్థ పెట్టారు, మంచు, మంచు చరియల అధ్యయనం దాని పని. మౌసం చూసి ఫౌజుకి, జనానికి హెచ్చరికలు ఇస్తారు. 2020లో దాన్ని ఇంకో రక్షణ పరిశోధన శాలలో కలిపి పేరు మార్చారు. హెచ్చరిక వస్తే మామూలు మనిషి చేసేది ఒకటే, దిగిపోవడం. ఫౌజీ అట్లా దిగిపోలేడు. ఎందుకు దిగిపోలేడో చెప్పాలంటే ఒక నక్షా దగ్గరికి పోవాలి.

1949 జులై 27న కరాచీలో హిందుస్తాన్, పాకిస్తాన్ ఫౌజు అధికారులు కాల్పుల విరమణ రేఖ మీద దస్తఖత్ చేశారు. గుట్ట గుట్టకూ, వాగు వాగుకూ పేరు రాసుకుంటూ పోయి, ఎన్‌జే 9842 అన్న ఒక బిందువు దగ్గర ఆగిపోయారు. అక్కడి నుంచి రేఖ ఉత్తరంగా గ్లేసియర్ల దిక్కుకు పోతుందని ఒక ముక్క రాసి వదిలేశారు. 1972లో సిమ్లా తర్వాత మళ్లీ రేఖ గీసినప్పుడూ అక్కడే ఆగారు. బద్మాషీ కాదు అది. ఆ పైన మనిషి నిలబడతాడని వాళ్ల ఖయాల్‌కి రాలేదు. గడ్డి మొలవదు, మేకల కాపరి కూడా పోడు. ఇన్సాన్ ఉండలేని చోటికి సర్హద్ ఎందుకు అనుకున్నారు. ఇబ్న్ బతూతా ఉసూల్ వాళ్ల బుర్రల్లో ఇంకా ఉంది.

సియాచిన్ అంటే బల్తీ జుబాన్‌లో గులాబీలు విరివిగా ఉన్న చోటు. గ్లేసియర్ కింద లోయలో అడవి గులాబీలు పూస్తాయి. డెబ్బై అయిదు కిలోమీటర్ల మంచు నదికి ఆ పేరు పెట్టిన బల్తీలు కింద గులాబీల దగ్గరే ఆగారు, పైకి పోయి కాపురం పెట్టలేదు.

1970ల్లో పాకిస్తాన్ అటువైపు నుంచి పరదేశీ పర్వతారోహకులకు ఇజాజత్ ఇవ్వడం మొదలుపెట్టింది, నక్షాల్లో రేఖలు వంకర తిరిగాయి. 1984 ఏప్రిల్ 13న మన ఫౌజు హెలికాప్టర్లలో పోయి సాల్తోరో గట్టు మీది దర్రాలు ఆక్రమించింది. ఆ ఆపరేషన్ పేరు మేఘదూత్. కాళిదాసు మేఘం ఇంటికి సందేశం మోసుకుపోతుంది, ఈ మేఘదూత్ మనుషుల్ని పైకి మోసుకుపోయింది. ఆ పేరు పెట్టిన అధికారి సంస్కృతం చదువుకున్నవాడై ఉంటాడు. అప్పటి నుంచి రెండు ఫౌజులూ పైనే ఉన్నాయి, ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా.

దిగిపోదాం అన్న మాట రాలేదా అంటే, వచ్చింది. 1989లో రెండు దేశాలూ దాదాపు ఒప్పందం దాకా పోయాయి, 1992లో మళ్లీ మాట్లాడుకున్నాయి. మన వైపు షరతు ఒకటే, ముందు ఎవరు ఎక్కడున్నారో కాగితం మీద రాసి దస్తఖత్ పెట్టాలి. వాళ్లు పెట్టరు. అంతలో 1999 వచ్చింది. అప్పటిదాకా కార్గిల్ దిక్కున ఒక ఆనవాయితీ ఉండేది. చలికాలం బాగా ముదిరితే కొన్ని ఎత్తైన చౌకీలను రెండు ఫౌజులూ ఖాళీ చేసి కిందికి దిగేవి, మంచు కరిగాక మళ్లీ ఎక్కేవి. ఎవరూ రాసుకున్న షరతు కాదు, మంచు ముందు ఇద్దరూ తల వంచడం. ఆ చలికాలం పాకిస్తాన్ ఫౌజు మన ఖాళీ చౌకీల్లోకి చేరింది. తర్వాత జరిగింది అందరికీ తెలుసు, జులై దాకా లడాయి, మన వైపే అయిదు వందలకు పైగా జవాన్లు పోయారు.

నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు అదే. కార్గిల్‌లో పోయింది ప్రాణాలే కాదు, చలికాలం దిగిపోయే రివాజు కూడా పోయింది. ఇప్పుడు సియాచిన్ నుంచి దిగుదామని ఎవరన్నా అంటే జవాబు రెడీగా ఉంది: దిగితే కార్గిల్ అవుతుంది. ఆ జవాబు తప్పు అని నేను అనలేను. భరోసా తెంచినవాళ్లు అటు కూర్చున్నారు, ఆ జిమ్మేదారీ వాళ్లదే. కానీ దాని బిల్లు కడుతున్నది ఎవరో కూడా చూడాలి. 2003 నవంబరులో కాల్పుల విరమణ వచ్చాక సియాచిన్‌లో తుపాకీ దాదాపు మూగబోయింది. మౌత్‌లు మాత్రం ఆగలేదు. 1984 నుంచి 2015 దాకా అక్కడ పోయిన మన ఫౌజీలు ఎనిమిది వందల పైచిలుకు. వాళ్లలో గోలీ తగిలి పోయినవాళ్లు కొద్దిమందే. మిగతా వాళ్లని తీసుకుపోయింది మంచు చరియలు, పగుళ్లు, గుండెల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేర్చే ఆ ఎత్తు.

అటువైపు లెక్క కూడా వినండి. 2012 ఏప్రిల్ 7 తెల్లవారుజామున గయారీ అన్న చోట పాకిస్తాన్ బెటాలియన్ హెడ్‌క్వార్టర్ మీద కొండ విరిగి పడింది. రెండు దశాబ్దాలుగా వాళ్లు అక్కడే ఉన్నారు, అంతకుముందు ఏమీ కాలేదు, అందుకే ఏమీ కాదనుకున్నారు. నూట నలభై మంది. ఎక్కువమంది నార్దర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ వాళ్లు, అంటే ఆ కొండల్లో పుట్టిన గిల్గిత్, బల్తిస్తాన్ పిల్లలే. మంచుని తల్లిపాలతో పాటు తెలుసుకున్నవాళ్లకు కూడా అక్కడ ఉండమని హుకుం వస్తే ఆ ఇల్మ్ పనికి రాలేదు. నెలల తరబడి తవ్వారు. కొన్నాళ్లకు పాకిస్తాన్ ఫౌజు పెద్ద కయానీ స్కర్దూకి పోయి, ఈ మసలా సులహ్‌తో తీరాలన్నాడు. మాట అక్కడే ఆగిపోయింది.

ఇక ఆ పది మంది. పంతొమ్మిదో మద్రాస్ బెటాలియన్. చౌకీ పేరు సోనమ్, ఎత్తు 19,600 అడుగులు, మన హార్స్‌లీ కొండని నాలుగున్నర సార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత. ఆ ఎత్తున ఒక్కో ఊపిరికి సముద్రపు ఒడ్డున దొరికే దాంట్లో సగమే ఆక్సిజన్. సుబేదార్ నాగేశ, హవల్దార్ ఏలుమలై, లాన్స్ హవల్దార్ కుమార్, లాన్స్ నాయక్ సుధీష్, లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్, సిపాయిలు మహేశ, గణేశన్, రామమూర్తి, ముస్తాక్ అహ్మద్, నర్సింగ్ అసిస్టెంట్ సూర్యవంశీ. నలుగురు తమిళనాడు, ముగ్గురు కర్ణాటక, ఒకరు కేరళ, ఒకరు మహారాష్ట్ర, ఒకరు మన ఆంధ్ర. రామమూర్తిది క్రిష్ణగిరి జిల్లా గుడిసాతనపల్లి. కుప్పం దాటితే ఆ జిల్లానే, ఊరి పేరులో మన పల్లె వినబడుతూనే ఉంది. సుబేదార్, హవల్దార్, సిపాయి, హోదాలన్నీ మన ఫార్సీ, అరబీ లఫ్జులే, సుల్తానుల దఫ్తర్ నుంచి కంపెనీ ఫౌజుకి, అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినవి. ఆ లఫ్జులతో పాటు మంచు గురించిన ఇల్మ్ కూడా వచ్చి ఉంటే బాగుండేది.

మద్రాస్ రెజిమెంట్ పుట్టుక 1758, మన ఫౌజులో అన్నిటికంటే పాత పదాతి దళాల్లో ఒకటి. దాని కేంద్రం నీలగిరుల్లో వెల్లింగ్టన్. అక్కడికి దగ్గర్లోనే, ఊటీకి అవతల, అవలాంచ్ అన్న చెరువు ఉంది. నేను మొదటిసారి ఆ పేరు విని, దక్షిణాదిలో మంచు చరియ ఏమిటని ఆశ్చర్యపోయాను. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో అక్కడ పెద్ద కొండచరియ మట్టి జారితే అంగ్రేజులు వాళ్ల ఊరి మాట దానికి తగిలించారు. అదీ మనకు దగ్గరలో ఉన్న ఒకే ఒక అవలాంచ్, అందులో మంచు లేదు.

గోడ పడ్డాక నూట యాభై మందికి పైగా, రెండు కుక్కలు, డాట్, మిషా, ఆ గాలి అందని ఎత్తులో రాత్రీ పగలూ నీలం గడ్డని కోసుకుంటూ పోయారు. పావు గంట లెక్క ఎప్పుడో దాటిపోయింది, ఒక రోజు, రెండు రోజులు, అయిదు రోజులు. ఎనిమిదో తారీఖున ఇరవై అయిదు అడుగులకు పైగా లోతులో ఒక టెంటు దొరికింది, అందులో హనుమంతప్ప ఊపిరితో ఉన్నాడు. టెంటు గుడ్డ మధ్యలో కాసింత గాలి చిక్కుకుని ఉండాలి. ఢిల్లీకి తెచ్చారు. మా మసీదులో ఆ రెండు రోజులూ ఆయన పేరు పెట్టి దువా చేశారు, మదనపల్లెలో గుళ్లల్లోనూ పూజలు జరిగాయని విన్నాను. 11న ఆయన కూడా పోయాడు.

ఇదే మంచు, ఇదే హిమాలయం, కానీ దిగిపోయే హక్కు ఉంటే ఎట్లా ఉంటుందో చూపించిన సంగతి ఒకటి దానికి రెండేళ్ల ముందే జరిగింది. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టు నేపాల్ వైపు ఖుంబూ మంచు జలపాతం మీద గడ్డ తెగిపడి పదహారు మంది కూలీలు, ఎక్కువమంది షెర్పాలు, చనిపోయారు. మిగిలిన షెర్పాలు ఆ ఏడాది ఎక్కం అన్నారు. కోట్ల రూపాయల సీజన్ అక్కడితో ఆగిపోయింది. ఆ మే 25న మన తెలుగు పిల్లలు, నిజామాబాద్ మాలావత్ పూర్ణ, ఖమ్మం ఆనంద్, శిఖరం చేరింది టిబెట్ వైపు నుంచి. షెర్పా పేదవాడే, తిండికి ఆ పనే దిక్కు. అయినా ‘ఎక్కం’ అనగలిగాడు. సిపాయి అట్లా అనలేడు, అనకూడదని కసం తిన్నాడు. అందుకే అతని తరఫున అడగాల్సింది కింద కూర్చున్న మనం. సియాచిన్‌లో సామాను మోసే కూలీల గురించి అడిగేవాళ్లు ఇంకా తక్కువ. 2019 నవంబరు 18న అదే గ్లేసియర్ మీద మంచు పడి నలుగురు జవాన్లతో పాటు ఇద్దరు కూలీలు పోతే, కూలీల పేర్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

మా మసీదు మెట్ల మీద ఇంకొక బహస్ కూడా నడిచింది. గోలీ తగల్లేదు, దుష్మన్ రాలేదు, మంచు పడింది, దీన్ని షహాదత్ అనవచ్చా అని ఒక కుర్రాడు అడిగాడు. అడగడంలో తప్పు లేదు, బడి పిల్లాడు. ఇమాం సాబ్ నింపాదిగా చెప్పాడు. సహీ బుఖారీలో ఉంది, షహీదుల్లో అయిదు రకాలు. తావూన్‌తో పోయినవాడు, కడుపు జబ్బుతో పోయినవాడు, నీళ్లలో మునిగినవాడు, ఏదైనా కూలి దాని కింద నలిగినవాడు, అల్లా దారిలో పోయినవాడు. నాలుగో రకానికి అరబీలో ‘సాహిబుల్ హద్మ్’ అంటారు. హద్మ్ అంటే కూలడం. అది విన్నప్పుడు నాకనిపించింది, మేము పేపర్లలో, డిక్షనరీల్లో వెతుకుతున్న లఫ్జ్ పద్నాలుగు వందల ఏళ్ల కింద మంచు ఎరగని ఎడారి మనుషుల దగ్గర ఉందని. కురవడం కాదు, కూలడం.

తర్వాత అదే కుర్రాడు ఇంకోటి అడిగాడు, కూలుతుందని ముందే తెలిసిన గోడ కింద నిలబెడితే? ఇమాం సాబ్ దానికి జవాబు చెప్పలేదు. అది ఆయన చెప్పే మసలా కాదు.

మౌసం బాగాలేక మయ్యత్‌లు వెంటనే దిగిరాలేదు. గ్లేసియర్ మీది నుంచి బేస్ క్యాంపుకి, అక్కడి నుంచి లేహ్‌కి, 15న ఢిల్లీకి. గోడ కూలిన పన్నెండో రోజు. అక్కడి నుంచి ఎవరి ఊరికి వాళ్లు. పార్నపల్లెలో జనాజాకి దారి పొడుగునా జనం నిలబడ్డారు, ఫౌజీ సలామీ తర్వాత మట్టిచ్చారు. కర్నూలు దిక్కు మట్టి, ఫిబ్రవరిలోనే వేడెక్కి ఉండేది.